తిరుపతిలో ఇల్లు కడుతున్నారా? ఇటుక కంటే ముందు మిద్దె సంగతి తేల్చుకోండి

మా బావమరిది తుమ్మలగుంట వైపు నలభై అంకణాల (160 గజాల) స్థలం కొన్నాడు. పడమర రోడ్డు. రిజిస్ట్రేషన్ అయిన వారానికే ఫోన్ నిండా ఫొటోలు దింపుకుని మా ఇంటికొచ్చాడు. ఒకటి ఆఫ్రికాలో మట్టి ఇటుకలతో కట్టిన బడి. రెండోది సింగపూర్‌లో అంతస్తు అంతస్తుకీ చెట్లు వేలాడే భవనం. మూడోది తిరువనంతపురంలో ఎర్ర ఇటుకల జాలీ గోడల కట్టడం. "బావా, అన్నీ పేరు తెచ్చుకున్నవే. మన ఎండకి ఏది బాగుంటాదో చెప్పు, అదే కట్టేద్దాం" అన్నాడు.

చాలా ఏళ్లుగా సైటు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫొటోలో కనబడేది ఇటుక, చెట్టు, రంగు. బహుమతి తెచ్చిపెట్టింది మాత్రం ఆ ఊరి ఎండకీ వానకీ కట్టినాయన వెతికిన ఉపాయం. మన ఊళ్లో ఇంటికి ఏటా రెండు పరీక్షలుంటాయి. ఒకటి మే నెల మధ్యాహ్నం మూడు గంటల ఎండ. రెండోది నవంబరు వాయుగుండం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో చూసినవాళ్లకి రెండో దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏ ఫొటో అయినా సరే, ఈ రెండు పరీక్షలూ రాయించాకే ఎంచుకోవాలి.

మూడు ఫొటోలు

ఆఫ్రికా బడిది బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లె. కట్టిన డిబేడో ఫ్రాన్సిస్ కెరే ఆ ఊరి బిడ్డే. 2001లో బడి పూర్తయింది, 2004లో మేటి కట్టడాలకిచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2022లో ఆయనకి ఆర్కిటెక్టుల నోబెల్ అనదగ్గ ప్రిట్జ్‌కర్ బహుమతి కూడా ఇచ్చారు. మట్టి ఇటుకల గోడల్ని అందరూ మెచ్చుకుంటారు కానీ అసలు తెలివంతా పైన ఉంది. గదికి ఇటుకలతోనే సందులున్న లోకప్పు వేసి, దానిపైన బాగా ఎత్తులో రేకు కప్పు నిలబెట్టాడు. కాలేది రేకు. ఆ వేడి గదిలోకి దిగకముందే మధ్య ఖాళీలోంచి గాలి దాన్ని తోలేస్తుంది. గదిలో వేడెక్కిన గాలి కూడా లోకప్పు సందుల్లోంచి పైకి లేచి అదే దారిన పోతుంది. రేకు నాలుగు వైపులా బయటికి చాచి ఉండటంతో గోడ మీద ఎండా పడదు, వాన జల్లూ కొట్టదు. రేకుని మోసే చట్రాన్ని మామూలు ఇనప కడ్డీలు వెల్డింగ్ చేయించి తయారుచేశారు. రేణిగుంట రోడ్డులో ఏ వెల్డింగ్ షాపుకి పోయినా అయ్యే పనే.

సింగపూర్ భవనం పేరు కంపుంగ్ అడ్మిరాల్టీ. వోహా అనే సంస్థ డిజైన్ చేసింది. 2018లో ప్రపంచ ఆర్కిటెక్చర్ ఉత్సవంలో ఆ ఏటి మేటి భవనంగా నిలిచింది. కింద నలుగురూ కూర్చునే చావడి, మధ్యలో ఆసుపత్రి, పైన వృద్ధుల ఇళ్లు, వాటి చుట్టూ మెట్లు మెట్లుగా తోటలు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ సింగపూర్‌లో ప్రతి నెలా వాన పడుతుంది. చెట్లకి నీళ్లు ఆకాశమే పోస్తుంది. ఎండాకాలంలో మన ఊరికి తాగునీళ్లిచ్చే కళ్యాణి డ్యాం మట్టం ఎంతుందో పేపర్లో వెతుక్కునే మనం మూడో అంతస్తు తోటకి ట్యాంకర్ తెప్పించుకుంటే, దాన్ని పర్యావరణహితం అనడానికి నోరు రాదు. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ పగలూ రాత్రీ ఉక్కే, ఎప్పుడూ గాలి ఆడాల్సిందే. మనకి ఏప్రిల్, మే నెలల్లో పగలు కిటికీ తీస్తే వచ్చేది వడగాలి. పగలు మూసి, రాత్రి తీసి పెట్టుకోవాల్సిన ఇల్లు మనది. ఉష్ణమండలం అని ఒక్క మాటతో అనేస్తారు కానీ అందులో ఎన్ని రకాలో!

మూడోది లారీ బేకర్ పని. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన ఆయనకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆయన కట్టిందే. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టే జాలీ గోడ, ఇటుకని నిలువుగా పెట్టి లోపల బోలు వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడి, కాంక్రీటు తగ్గించి పెంకులు ఇమిడ్చే ఫిల్లర్ స్లాబు, ఇవి మూడూ మన దేశంలో ఇంతగా వాడుకలోకి రావడానికి ముఖ్య కారణం ఆయనే. ఈ మూడింట్లో రెండు మనకి పనికొస్తాయి. జాలీని మాత్రం మెట్లగదికీ, వరండాకీ, పిట్టగోడకీ పెట్టుకోండి. పడకగదికి పెడితే మే నెలలో వడగాలి, నవంబరులో జల్లు, మిగతా పది నెలలూ దోమలు.

అసలు కథ మిద్దె మీదే

తిరుపతి అక్షాంశం పదమూడున్నర డిగ్రీలు దాటింది. అందుకే ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. ఆ నెలల్లో ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఎండ తాగేది మిద్దె. ఐదంగుళాల స్లాబు పగలంతా తాగి, తాగింది రాత్రి గదిలోకి వదులుతుంది. తొమ్మిది గంటలకి ఫ్యాన్ వేస్తే పైనుంచి వేడి గాలి కొడుతుందే, అది ఆ బాకీయే. అయినా ఇల్లు కట్టేవాళ్లు నెల రోజులు ఇటుక గురించి వాదించుకుని, మిద్దె సంగతి స్లాబు వేసే రోజు సెంట్రింగ్ వాడికి వదిలేస్తారు.

కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇళ్ల కోసం 2018లో తెచ్చిన నిబంధనల పుస్తకం ఎకో నివాస్ సంహితలో కప్పుకి ఒక హద్దు పెట్టారు. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పులోంచి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదు. పైన ఏ పూతా పొరా లేని మామూలు స్లాబు ఇంతకి రెండింతలకు పైగానే వదిలేస్తుంది. దీన్ని తగ్గించే దారులు నాలుగు కనబడతాయి.

చవకైనది తెలుపు. స్లాబు మీద వాలు సరిచేసి, విరిగిన తెల్ల టైల్ ముక్కలు పరిపించడం, లేకపోతే ఎండని వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటు కొట్టించడం. ఇది బీదవాళ్ల సర్దుబాటు అనుకునేరు. ప్రిట్జ్‌కర్ అందుకున్న మొదటి భారతీయుడు బాలకృష్ణ దోషి అహ్మదాబాద్‌లో తన ఆఫీసు సంగత్ కట్టుకున్నప్పుడు పైకప్పంతా తెల్ల పింగాణీ ముక్కలే పరిపించాడు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్‌లకి ఏకంగా విధానమే ప్రకటించింది. చిక్కల్లా ఒక్కటే: తెలుపు తెల్లగా ఉన్నన్నాళ్లే పని చేస్తుంది. నవంబరు వానలకి పాచి పట్టి నల్లబడుతుంది. సంక్రాంతి శుభ్రంలో ఇంటితోబాటు మిద్దె కూడా కడిగే ఓపిక ఉంటే ఇదే చాలు. పెయింటు అయితే మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి, టైల్ ముక్కలకి ఆ బాధ లేదు.

రెండోది గాండో దారి, కప్పు మీద కప్పు. నిజానికి మన ఊళ్లో సగం మేడల మీద ఇది ఇప్పటికే ఉంది, రేకుల షెడ్డు రూపంలో. బట్టలు ఆరేసుకోవడానికనో, ఫంక్షన్లకనో వేస్తారు. నాలుగు వైపులా తెరిచి ఉంచితే అది గాండో బడి సూత్రమే. గోడలు కట్టి అద్దెకి గది చేశారా, పొయ్యి మీద మూత పెట్టినట్టే. ఇప్పుడు రేకు బదులు సోలార్ పలకల్నే ఎత్తు స్టాండు మీద పెట్టించుకునే వీలుంది. ఒక కిలోవాట్‌కి దాదాపు వంద చదరపు అడుగులు పడుతుంది. మూడు కిలోవాట్లు పెడితే పడకగది, హాలు పైన నీడ వచ్చేస్తుంది. మిద్దె మీద సోలార్‌కి కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల రాయితీ ఉంది. జాగ్రత్త మాత్రం గాలి విషయంలో. వాయుగుండం గాలికి రేకు ఎగిరిందంటే మన మిద్దెతో పోదు, పక్కింటి వాళ్ల మీదా పడుతుంది. స్టాండు కాళ్లు స్లాబు మీద నాలుగు బోల్టులతో సరిపెట్టొద్దు. పిల్లర్లు ఎక్కడున్నాయో చూసి, వాటి మీదికి వచ్చేలా స్లాబు వేసేటప్పుడే ఏర్పాటు చేయించాలి. షెడ్డుకి ప్లానులో అనుమతి ఉందో లేదో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

మూడోది ఫిల్లర్ స్లాబు. స్లాబు వంగినప్పుడు అడుగు భాగంలో లాగుడు పడుతుంది. ఆ లాగుడు మోసేది ఇనుము. చుట్టూ ఉన్న కాంక్రీటులో చాలా మటుకు ఊరికే బరువు. ఆ చోట మంగళూరు పెంకులు ఒకదాని మీద ఒకటి బోర్లించి, మధ్య కొద్దిగా గాలి ఉండేలా పెడతారు. కాంక్రీటు తగ్గుతుంది, కింద నుంచి చూస్తే ఎర్రటి పెంకుల వరసలు అందంగా ఉంటాయి, సీలింగ్ పనీ తప్పుతుంది. కానీ ఒక మాట. దీంతో ఇల్లు చల్లబడిపోతుందని చెప్పేవాళ్లని నమ్మి దిగొద్దు. వేడి కొంత తగ్గుతుంది, అంతే. పైన తెలుపో నీడో ఎలాగూ కావాలి. ఫ్యాన్ కొక్కేలు, కరెంటు పైపులు ముందే లెక్క వేసుకోవాలి, తర్వాత ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టడం కుదరదు. లెక్క చేసి గీసిచ్చే ఇంజనీరు లేకుండా మేస్త్రి అనుభవం మీద వేయించొద్దు.

నాలుగోది పాతది, మద్రాసు టెర్రస్. మన తిరుపతి, చంద్రగిరి ప్రాంతం ఒకప్పుడు మద్రాసు వైపు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం కదా, ఆ పద్ధతి ఇళ్లు పాత వీధుల్లో ఇంకా కనిపిస్తాయి. టేకు దూలాలు, వాటి మీద సున్నంలో నిలువు ఇటుకలు, ఆ పైన ఇటుక జల్లి సున్నం కలిపి కర్రలతో కొట్టి గట్టిపరచిన పొర. చల్లదనంలో దీన్ని మించింది తక్కువ. ఇవాళ ఆ టేకు ఎవరు కొనగలరు, ఆ పని చేసే చేతులెక్కడ? పాత ఇల్లు చేతికొస్తే మాత్రం కూల్చకముందు పదిసార్లు ఆలోచించండి. దీనికన్నా పాత పాఠం కావాలంటే చంద్రగిరి కోటలో రాజమహల్ ఉంది. మూడంతస్తుల ఆ మహల్‌లో కట్టడానికి కర్ర వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. మే నెలలో మూడు గంటలప్పుడు వెళ్లి ఆ మందపాటి గోడల మధ్య కాసేపు నిలబడండి. మా బావమరిదిని ఫొటోలు పక్కన పెట్టించి నేను మొదట తీసుకెళ్లింది అక్కడికే.

నా ఓటు ఇదీ: డబ్బుంటే సోలార్ పలకల నీడ, కింద తెల్ల టైల్ ముక్కలు. లేకపోతే టైల్ ముక్కలు ఒక్కటే. ఫిల్లర్ స్లాబు అందం కోసం, కాంక్రీటు పొదుపు కోసం.

గోడ: ఏసీ ఉందా, లేదా?

ఇటుక ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎవరూ అడగరు. బరువైన తొమ్మిదంగుళాల ఇటుక గోడ వేడిని గంటల తరబడి దాచుకుంటుంది. సాయంత్రం తాగిన ఎండని నడిరాత్రి వరకూ వదులుతూనే ఉంటుంది. గోడకి నీడ ఉండి, రాత్రి కిటికీలు తీసుకునే ఇంట్లో ఆ బరువు మేలే చేస్తుంది. రాత్రి చల్లదనాన్ని పట్టుకుని మధ్యాహ్నం దాకా కాస్తుంది. అదే రాత్రి తలుపులన్నీ బిగించి ఏసీ వేసుకునే గదిలో ఆ బరువుని కూడా ఏసీయే చల్లబరచాలి, కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. అక్కడ ఏఏసీ బ్లాకులు, మేస్త్రీల భాషలో లైట్‌వెయిట్ బ్లాకులు, మేలు. ఇటుక బరువులో దాదాపు మూడోవంతే ఉంటాయి, వేడిని చాలా తక్కువగా దిగనిస్తాయి. కానీ నీళ్లు తాగే గుణం వాటికుంది. బయటి పూత పల్చగా వేస్తే నవంబరులో లోపలి గోడ చెమ్మ కక్కుతుంది. పిల్లర్‌కీ బ్లాకుకీ అతికే చోట తీగల మెష్ కొట్టకుండా పూస్తే ఏడాది తిరక్కుండా పగులు గీత వస్తుంది. అలమార్లు బిగించడానికి ప్రత్యేకమైన ప్లగ్గులు కావాలి.

ర్యాట్ ట్రాప్ కట్టుబడి నాకు ఇష్టమైనది. వంద ఇటుకలు పట్టే చోట డెబ్బై ఐదు చాలు, సున్నం సిమెంటు కూడా తగ్గుతాయి. మధ్యలో ఉన్న గాలి వేడిని అడ్డుకుంటుంది. ఒకసారి చంద్రగిరి దగ్గర ఒక సైటులో ఈ మాట ఎత్తితే మేస్త్రి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "గోడలో బోలు ఉంటాది గదా సార్, రేపు మేకు కొడితే యాడికి పోతాది? ఇంటాయన నన్ను తిడతాడు" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. మూలలు, తలుపు కిటికీ పక్కలు, స్లాబు కింది వరస బోలు లేకుండా కట్టాలి. పైపులు ఎక్కడ పోతాయో ముందే గుర్తు పెట్టుకోవాలి. ఇటుకలు సైజు తేడాగా ఉంటే వరస కుదరదు, మన చుట్టుపక్కల బట్టీల సరుకులో ఆ తేడా ఉంటుంది. కాబట్టి ముందు మూడడుగుల నమూనా గోడ ఒకటి కట్టించి చూడండి. మేస్త్రికి చేయి తిరిగితే ముందుకు పోండి, లేకపోతే మామూలు కట్టుబడికే రండి. రాని పనిని బలవంతంగా చేయించుకున్న గోడ కంటే వచ్చిన పనితో కట్టిన మామూలు గోడ నయం.

మట్టి బ్లాకులు కావాలనుకునేవాళ్లు ఒక పూట ప్రయాణం చేసి పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ చూసి రండి. అక్కడ ఆ బ్లాకులతోనే కట్టిన విజిటర్స్ సెంటర్‌కి 1992లో పేదల వాస్తుకళకిచ్చే హసన్ ఫతీ అవార్డు వచ్చింది. మట్టిలో ఐదు శాతం దాకా సిమెంటు కలిపి ప్రెస్‌లో నొక్కిన బ్లాకులు, బట్టీ లేదు, కట్టెలు కాల్చే పని లేదు. మన జిల్లాల్లో గరుకు కలిసిన ఎర్రమట్టి దీనికి పనికొస్తుంది, నల్లరేగడి పనికిరాదు. తోటలోనో పొలంలోనో ఇల్లు కట్టేవాళ్లకి నేను గట్టిగా చెబుతాను. టౌన్‌లో నలభై అంకణాల్లో మాత్రం కష్టం. ప్రెస్ పెట్టాలి, వేల బ్లాకులు పేర్చి నాలుగు వారాలు తడపాలి. ఆ చోటు ఎక్కడుంది? కట్టినా కింద రెండు మూడడుగుల రాతి పునాది, పైన బాగా చాచిన చూరు ఉండాలి. చూరు లేని మట్టిగోడకి మన నవంబరు వాన చాలు.

బూడిద ఇటుకలు సైజు నికార్సుగా వస్తాయి, పొలం మట్టి పోదు. వేడి విషయంలో ఎర్ర ఇటుకకీ వీటికీ పెద్ద తేడా లేదు. ఫ్లాటు కొనేవాళ్లు ఒక్కటి అడగండి: గోడలు అచ్చుపోసిన కాంక్రీటువా అని. అవి త్వరగా లేస్తాయి, గట్టివే. కానీ పడమర గోడ కాంక్రీటైతే సాయంత్రం పడకగది పెనమే, తర్వాత ఆ గోడలో ఏ మార్పూ చేయలేరు.

పడమర, నైరుతి, వాస్తు

దక్షిణం గోడని చూసి భయపడక్కర్లేదు. అడుగున్నర సజ్జ వేస్తే మార్చి మధ్యాహ్నం కిటికీ మీద ఆరడుగుల దాకా నీడ దిగుతుంది. డిసెంబరులో రెండడుగులే దిగుతుంది, అప్పుడు ఆ ఎండ మనకి హాయే. పడమర అలా కాదు. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదు గంటలకి సూర్యుడు ఎంత కిందికి దిగుతాడంటే, రెండడుగుల సజ్జ వేసినా నీడ ముప్పావు అడుగు దగ్గరే ఆగిపోతుంది. సజ్జ పొడవు పెంచి లాభం లేదు. నిలువుగా అడ్డు పెట్టాలి: జాలీ, వెదురు తడిక, పందిరి తీగ, చెట్టు. సింగపూర్ తోటని నేను ఒప్పుకునే చోటు ఇదొక్కటే. వంటింటి నీళ్లతో బతికే చిక్కుడు పందిరి చాలు. చెట్టు అయితే కానుగ.

ఇక్కడ వాస్తు వచ్చి అడ్డం పడుతుందని చాలామంది ఆర్కిటెక్టులు విసుక్కుంటారు. పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలంటారు, ఇంట్లో ఎక్కువ కాగే మూల అదే. నేను గొడవ పడను, అదే వాస్తులో దారి వెతుకుతాను. బరువులు పడమర, దక్షిణాల్లో పెట్టమంటుంది కదా? పడమర గోడ పొడవునా అలమార్లు కట్టించండి. మెట్లు పడమర పెట్టుకోవచ్చు. స్నానాలగది వాయవ్యంలో రావచ్చు. పడమర ఎండకీ మంచానికీ మధ్య మెట్లో, బాత్రూమో, బట్టల బీరువానో నిలబడితే చాలు. పండితుడూ ఒప్పుకుంటాడు, ఇంటావిడా ఒప్పుకుంటుంది.

గ్రీన్ సర్టిఫికెట్ల గురించి బావమరిది అడిగాడు. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట లీడ్ ప్లాటినం, అంటే పర్యావరణహిత భవనాలకిచ్చే అమెరికా సర్టిఫికెట్‌లో పై మెట్టు, పొందిన మొదటి భవనం. ఆఫీసులకీ పెద్ద అపార్టుమెంట్లకీ ఆ లెక్కలు అవసరమే. సొంతంగా ఒక్క ఇల్లు కట్టుకునేవాడు ఆ ఫీజుకి బదులు కిటికీలకి దోమతెర, ఇంకుడు గుంత, మిద్దెకి టైల్ ముక్కలు కొనుక్కోవచ్చు. ఇంటి మట్టం మాత్రం రోడ్డు కంటే ఎత్తు పెట్టించుకోండి. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు, మనం గుంటలో పడతాం.

చివరికి అతను ఎంచుకున్నది ఏ ఫొటోలోనూ లేదు. కింద రెండున్నర అడుగుల రాతి పునాది. హాలుకీ వంటింటికీ ఎర్ర ఇటుక, నమూనా గోడ బాగుంటే ర్యాట్ ట్రాప్. నైరుతి పడకగదికి ఏఏసీ, ఎందుకంటే ఏసీ లేకుండా మా చెల్లెలు ఒప్పుకోదు. మెట్లు పడమర, వాటికి బేకర్ జాలీ. మామూలు స్లాబు, తెల్ల టైల్ ముక్కలు. సోలార్ స్టాండుకి కాళ్లు మాత్రం ఇప్పుడే వదిలిపెడతాం, పలకలు తర్వాత. వైశాఖంలో శంకుస్థాపన. రోడ్డు వైపు కానుగ మొక్క పోయిన వానల్లోనే పెట్టేశాం, నడుమెత్తు వచ్చింది.